మా అత్తగారి కేర్ హోమ్ రివ్యూ: యాంటీబయాటిక్‌కి తొందరపడని చోటు

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, పైగా అత్తగారు ఇంతకుముందు ఉన్న హోమ్ గురించి కూడా కొంచెం గట్టిగానే మాట్లాడాలి. గది ఎంత ఉంది, టీవీ ఉందా, పరుపు మెత్తగా ఉందా లాంటివి కావాలంటే అవన్నీ వాళ్ల బ్రోచర్‌లోనే ఉంటాయి. నేను రాసేది ఒక్క విషయం గురించి, హోమ్ చూడ్డానికి వెళ్లినవాళ్లు దాదాపు ఎవరూ అడగనిది: ఇక్కడ పెద్దవాళ్లకి యాంటీబయాటిక్ ఎప్పుడు మొదలుపెడతారు, ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు ఆపుతారు.

అత్తగారికి 80 దాటాయి. మతిమరుపు జబ్బు మొదలైంది, షుగర్ ఉంది, గుండె లయ సరిగ్గా లేక రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకుంటారు. అంటే కొత్త మందు ఏది ఇచ్చినా పాత మందులతో గొడవ పెట్టుకునే అవకాశం ఎక్కువ ఉన్న మనిషి. కేర్ హోమ్‌లో ఉండే పెద్దవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే, ఆవిడేమీ ప్రత్యేకం కాదు.

పాత హోమ్‌లో ఒక పద్ధతి ఉండేది. ఆవిడ కాస్త మగతగా ఉన్నా, చెప్పిందే చెప్పినా, రాత్రి నిద్రపోకుండా లేచి తిరిగినా, యూరిన్ చిక్కటి రంగులో వచ్చినా, వాసన వచ్చినా అన్నిటికీ ఒకటే మంత్రం: యూరిన్ పట్టి అందులో ఇన్ఫెక్షన్ జాడ ఉంటే రంగు మారే స్ట్రిప్ ముంచడం. స్ట్రిప్ రంగు మారుతుంది, ఆ వయసులో మారకపోతేనే ఆశ్చర్యం. వెంటనే డాక్టర్ గారికి ఫోన్, ఆయన మనిషిని చూడకుండానే ఫోన్‌లో మందు పేరు చెప్పడం, సాయంత్రానికల్లా మొదటి డోసు. తర్వాత విరేచనాలు, నీరసం, నీళ్లు తాగకపోవడం, దాంతో మళ్లీ మగత, మళ్లీ స్ట్రిప్. మా ఆయనకి మాత్రం అది బ్రహ్మాండమైన సర్వీసులా కనిపించేది, ఫోన్ చేసిన గంటలో మందు పడిపోతోంది కదా అని. ఒకసారి చిగుళ్ల నుంచి రక్తం ఆగక హాస్పిటల్‌కి తీసుకెళ్తే అక్కడ అసలు సంగతి తెలిసింది. ఆవిడకి ఇచ్చింది కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్, వార్ఫరిన్ వాడుతున్నవాళ్లకి అది కలిపితే రక్తం మరీ పలచబడిపోవచ్చు, తప్పదనుకుని ఇస్తే రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష దగ్గరదగ్గరగా చేయిస్తూ ఉండాలి. పాత హోమ్‌లో ఎవరూ చేయించలేదు. ఇంతకీ ఆ మందు ఏ యూరిన్ ఇన్ఫెక్షన్ కోసం ఇచ్చారో దానికి జ్వరం లేదు, మంట లేదు, పొత్తికడుపులో నొప్పి లేదు, స్ట్రిప్ ఒక్కటే సాక్ష్యం.

ఇక్కడ కొంచెం ఆగి ఈ స్ట్రిప్ సంగతి చెప్పాలి, ఎందుకంటే కేర్ హోముల్లో అనవసరంగా వెళ్లే యాంటీబయాటిక్స్‌లో పెద్ద వాటా ఈ దారినే వెళ్తుంది. కేర్ హోముల్లో ఉండే ఆడవాళ్లలో 25 నుంచి 50 శాతం మందికి, మగవాళ్లలో 15 నుంచి 40 శాతం మందికి ఏ బాధా లేకుండానే యూరిన్‌లో బాక్టీరియా ఉంటుంది. యూరిన్ పైపు నెలల తరబడి పెట్టుకున్నవాళ్లలో అయితే దాదాపు అందరికీ ఉంటుంది. అది అక్కడ కాపురం ఉంటుంది అంతే, జబ్బు చేయదు. స్ట్రిప్ ముంచినా, ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే కల్చర్‌కి పంపినా ఏదో ఒకటి కనిపిస్తుంది, కనిపించింది కాబట్టి మందు ఇవ్వాలనిపిస్తుంది. ఇలా లక్షణాలు లేనివాళ్లకి యూరిన్ పరీక్షే చేయొద్దు, చేసి పాజిటివ్ వచ్చినా మందు ఇవ్వొద్దు అని అమెరికాలోని ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం ఐడీఎస్ఏ 2005లోనే చెప్పింది, 2019లో ఇంకా స్పష్టంగా చెప్పింది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడితే, జ్వరం లాంటివి లేకపోతే, యూరిన్ బాధలూ ఏమీ లేకపోతే, ముందు వేరే కారణాలు వెతుకుతూ జాగ్రత్తగా కనిపెట్టి ఉండమని కూడా ఆ 2019 సూచనల్లోనే ఉంది. బ్రిటన్‌లో కూడా 65 దాటినవాళ్లకి యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చడానికి స్ట్రిప్ వాడొద్దనే చెబుతారు.

మరి మందు వేశాక తేరుకుంటున్నారు కదా అని మా ఆయన వాదన, చాలామంది వాదన కూడా. మతిమరుపు ఉన్నవాళ్లలో తికమక ఎలాగూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగిన రోజు మందు మొదలుపెడతాం, రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం మాత్రకి వస్తుంది.

సరే, ఇప్పుడున్న హోమ్. చేర్పించిన రోజు సిస్టర్ అడిగిన ప్రశ్నలకే నాకు తేడా తెలిసింది. మామూలుగా ఆవిడకి ఒంటి వేడి ఎంత ఉంటుంది, రోజూ ఎలా మాట్లాడతారు, మధ్యాహ్నం పడుకుంటారా, యూరిన్‌కి రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఇవన్నీ కూర్చుని రాసుకున్నారు. జబ్బు లేనప్పుడు మనిషి ఎలా ఉంటారో తెలియకపోతే జబ్బు చేసినప్పుడు ఏం మారిందో ఎలా తెలుస్తుంది అన్నారు. ఫైల్లో "పెన్సిలిన్ పడదు" అని ఉంటే, అప్పుడు ఏమైంది అని అడిగింది కూడా ఆ సిస్టరే. మేం ఎప్పుడూ అడగలేదు, పాత హోమూ అడగలేదు. అత్తగారి చెల్లెలికి ఫోన్ చేస్తే ఎప్పుడో చిన్నప్పుడు కడుపు తిప్పిందట, అంతే. పెన్సిలిన్ పడదని రాసుకున్నవాళ్లలో పదింట తొమ్మిది మందికి పరీక్ష చేస్తే నిజమైన ఎలర్జీ ఉండదు. ఆ ఒక్క ముక్క ఫైల్లో ఉండటం వల్ల మామూలు మందులు వదిలేసి ఇంకా ఘాటైనవి, ఇంకా ఇబ్బంది పెట్టేవి ఇస్తూ పోతారు. డాక్టర్ గారు వివరాలన్నీ అడిగి, పద్ధతి ప్రకారం పరీక్ష చేయించి ఆ ముక్క తీసేశారు.

చేరిన కొన్నాళ్లకి ఆవిడ మళ్లీ తికమకపడ్డారు. మనుషుల్ని గుర్తుపట్టలేదు, కోపం, మాత్రలు ఉమ్మేయడం. మా ఆయన ఫోన్ చేసి "ఏదో ఒక యాంటీబయాటిక్ వేసేయండి సిస్టర్, పాతచోట ఇలాగే తగ్గేది" అన్నారు. సిస్టర్ కోప్పడలేదు, లొంగనూ లేదు. "నేను చూసి, డాక్టర్ గారితో మాట్లాడి, గంటలో ఫోన్ చేస్తానండీ" అంది, చేసింది కూడా. జ్వరం లేదు, పల్స్, ఊపిరి, ఆక్సిజన్, షుగర్ అన్నీ చూశారు, బీపీ చూశారు, కడుపు నొక్కి చూస్తే గట్టిగా ఉంది, మలబద్ధకం. ఆపైన వారం ముందు దురద కోసం ఎవరో స్పెషలిస్టు రాసిన మాత్ర కొత్తగా మొదలైంది, అది మతిమరుపు ఉన్నవాళ్లలో తికమక పెంచే రకం. వినికిడి మెషీన్ బ్యాటరీ కూడా అయిపోయింది! డాక్టర్ గారు ఆ మాత్ర ఆపేశారు, విరేచనం అవడానికి మందు ఇచ్చారు, చార్టులో 48 గంటలు ఏం చూడాలో రాశారు: ఒంటి వేడి ఇన్నిసార్లు, నీళ్లు ఇంత, జ్వరం వచ్చినా, వణుకు వచ్చినా, యూరిన్‌కి వెళ్లేటప్పుడు ఏడ్చినా వెంటనే పిలవండి అని. మందు ఇవ్వకుండా ఉండటం అంటే పట్టించుకోకపోవడం కాదని నాకు ఆ చార్టు చూశాకే బాగా అర్థమైంది, నిజానికి మాత్ర వేసి వెళ్లిపోవడం కన్నా ఇది సిబ్బందికి చాలా ఎక్కువ పని.

వాళ్లు వాడే రూల్ వాళ్లు కనిపెట్టింది కాదు. కెనడాకి చెందిన మార్క్ లోబ్ అనే డాక్టర్ బృందం కేర్ హోముల కోసం 2001లోనే కనీస లక్షణాల జాబితా ఒకటి ఇచ్చింది. యూరిన్ పైపు లేనివాళ్లకి, యూరిన్‌కి వెళ్లేటప్పుడు కొత్తగా మంట ఉండాలి, లేదా జ్వరంతో పాటు కొత్తగా మాటిమాటికీ వెళ్లడం, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపు నొప్పి, నడుము పక్కన నొప్పి, రక్తం పడటం లాంటి వాటిలో ఒకటైనా ఉండాలి. అప్పుడే యూరిన్ ఇన్ఫెక్షన్‌కి మందు. వాసన, రంగు, మడ్డిగా ఉండటం అసలు జాబితాలోనే లేవు. ఈ పద్ధతిని కెనడా, అమెరికాలలో 24 నర్సింగ్ హోముల్లో పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు, యూరిన్ ఇన్ఫెక్షన్ పేరుతో ఇచ్చే యాంటీబయాటిక్స్ తగ్గాయి, హాస్పిటల్‌లో చేరడాలు, మరణాలు పెరగలేదు. అందరికీ ఉండే భయం ఇదే కదా, ఇవ్వకపోతే ఏమవుతుందో అని.

అలాగని వీళ్లు మందు విషయంలో పిసినారులు కాదు. చలికాలంలో ఆవిడకి నిమోనియా వచ్చింది. థర్మామీటర్‌లో 99.6, ఇంట్లో అయితే నేను నార్మలే అనుకునేదాన్ని. కానీ ఈ వయసులో జ్వరం లెక్క వేరు: ఒక్కసారి 100 దాటినా, మళ్లీ మళ్లీ 99 దాటుతున్నా, ఎప్పుడూ ఉండేదానికన్నా 2 డిగ్రీలు పెరిగినా జ్వరం కిందే లెక్క. ఆవిడ మామూలు వేడి 97 చిల్లర అని చేర్పించిన రోజే రాసుకున్నారు కాబట్టి పట్టేశారు. నిమిషానికి ఊపిరి 25 దాటడం కూడా చూశారు, అది పెద్దవాళ్లలో నిమోనియాకి మంచి గుర్తు, దగ్గు పెద్దగా లేకపోయినా. డాక్టర్ గారు స్వయంగా వచ్చారు, ఎక్స్-రే తీయించారు, ఆ సాయంత్రమే మందు మొదలైంది. నాకు నచ్చింది ఆ తర్వాతది: చార్టులో మందు పక్కన ఎందుకు ఇస్తున్నారో కారణం, ఎప్పుడు ఆపాలో తేదీ రాసి ఉన్నాయి, కిడ్నీ రిపోర్ట్ చూసి డోసు తగ్గించారు, ఐఎన్ఆర్‌కి రక్తం తీసుకున్నారు, మూడో రోజు డాక్టర్ గారు మళ్లీ చూసి కోలుకుంటున్నారు కాబట్టి 5 రోజులు చాలన్నారు. ఏడో పదో చేస్తే గట్టిగా తగ్గుతుంది కదా అని మా ఆయన అడిగారు (ఈయన అడగకుండా ఉండరు). అదనపు రోజులు జబ్బుకి పనికిరావు, విరేచనాలకీ మందులకి లొంగని క్రిములకీ మాత్రం బాగా పనికొస్తాయని డాక్టర్ గారు నవ్వుతూనే చెప్పారు.

విరేచనాలు అంటే తేలిగ్గా తీసుకోకండి. యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బాక్టీరియాని చంపేస్తే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీల్ అనే క్రిమి పెరిగిపోతుంది, ఈ వయసులో అది ప్రాణాల మీదకి తెస్తుంది. పైగా అది ఒక గది నుంచి ఇంకో గదికి పాకుతుంది, గట్టి విత్తనాల్లాంటి దాని స్పోర్లు చేతికి రాసుకునే శానిటైజర్‌కి చావవు, సబ్బూ నీళ్లతో కడగాల్సిందే. ఈ హోమ్‌లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే తలుపు పక్కన సబ్బుతోనే కడుక్కోమని బోర్డు పెడతారు, శానిటైజర్ సీసా తీసేస్తారు. చిన్న విషయమే, కానీ తెలిసినవాళ్లు నడుపుతున్నారని దీన్ని బట్టే అర్థమవుతుంది.

మిగతా మందుల సంగతి కూడా కొంచెం తెలిసి ఉంటే మంచిది. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ పెద్దవాళ్లలో మడమ దగ్గర కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు తెగేలా చేయవచ్చని, ముఖ్యంగా స్టెరాయిడ్ వాడేవాళ్లలో, అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2008లోనే మందు సమాచార పత్రంలో పెట్టె గీసి మరీ హెచ్చరిక పెట్టించింది. 2018లో షుగర్ ఒక్కసారిగా పడిపోవడం, మతి తికమక గురించి కూడా హెచ్చరించింది. తికమకకి ఇచ్చిన మందే తికమక తెస్తే ఇంక చెప్పేదేముంది! కొన్ని బీపీ మాత్రలతో కో-ట్రైమాక్సజోల్ కలిస్తే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే నైట్రోఫ్యూరంటాయిన్ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి పనికిరాదు. ఇవన్నీ మనం బట్టీ పట్టక్కర్లేదు, కానీ హోమ్‌లో మందులు చూసే ఫార్మసిస్టు ఉన్నారా, కొత్త మందు రాసినప్పుడు పాత చీటీతో సరిచూస్తారా అని అడగాలి. ఇక్కడ ఉన్నారు, నెలకోసారి వచ్చి అందరి చార్టులూ చూస్తారు.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకొకటి. కెనడాలోని ఒంటారియోలో 600కి పైగా నర్సింగ్ హోముల్ని చూసి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. హోముకీ హోముకీ మధ్య యాంటీబయాటిక్ వాడకం దాదాపు పది రెట్లు తేడా ఉంది. ఎక్కువ వాడే హోముల్లో ఉన్నవాళ్లకి, తక్కువ వాడే చోట ఉన్నవాళ్లతో పోలిస్తే, యాంటీబయాటిక్ వల్ల వచ్చే ఇబ్బందుల ముప్పు 24 శాతం ఎక్కువ, తాము ఒక్క మాత్ర కూడా వేసుకోనివాళ్లకి కూడా ముప్పు ఎక్కువే. అంటే పక్క గదిలో ఆవిడకి అనవసరంగా ఇచ్చిన కోర్సు మా అత్తగారి సమస్య కూడా. మన మనిషికి అనవసరంగా మందు ఇవ్వకుండా మనం కాపలా కాయగలం, కానీ హోమ్ అలవాటు మొత్తాన్ని మనం మార్చలేం, ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పేదాని ప్రకారం నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్లలో 70 శాతం దాకా ఏడాదిలో కనీసం ఒక్క కోర్సయినా వాడతారు, అలా రాసిన వాటిలో 40 నుంచి 75 శాతం దాకా అనవసరమో, తప్పు మందో, తప్పు డోసో అయి ఉండొచ్చు.

ఇక ఫిర్యాదులు. పగలు ఉండే పాత సిబ్బందికి, రాత్రుళ్లూ సెలవు రోజుల్లో బయటి ఏజెన్సీ నుంచి వచ్చే నర్సులకీ భూమ్యాకాశాల తేడా ఉంది. ఒక ఆదివారం వచ్చిన కొత్త సిస్టర్ తన బ్యాగులోంచే స్ట్రిప్ తీసి ముంచి, పాజిటివ్ అని చెప్పి, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి మందు రాయించేసింది. సోమవారం పొద్దున పాత సిస్టర్ వచ్చి, చూసి, డాక్టర్ గారితో మాట్లాడి ఆపించింది కానీ అప్పటికే రెండు డోసులు పడ్డాయి. ఆ విషయం మాకు వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, నేను చార్టులో చూసి అడిగితే చెప్పారు. మంచి పద్ధతి ఇద్దరు ముగ్గురు మనుషుల మీద ఆధారపడి ఉంటే ఆ మనుషులు సెలవు పెట్టిన రోజు ఉండదు.

రెండోది, నెలకి మొత్తం హోమ్‌లో ఎంతమందికి యాంటీబయాటిక్ ఇచ్చారు అంటే చెప్పరు. పేర్లు వద్దు, అంకెలు చాలు అన్నా సరే "అది ఇంటర్నల్ అండీ" అంటారు. లెక్క రాసుకోవడం, దాన్ని సిబ్బందికి చూపించడం సీడీసీ 2015లో ఇచ్చిన సూచనల్లోనే ఉంది, అమెరికాలో ప్రభుత్వ డబ్బు తీసుకునే నర్సింగ్ హోములు 2017 నవంబర్ నుంచి యాంటీబయాటిక్స్ వాడకాన్ని గమనించి అదుపులో పెట్టే కార్యక్రమం తప్పనిసరిగా నడపాలి. వీళ్లు లెక్క రాస్తున్నారు, నాకు తెలుసు, గోడ మీద చార్టు దూరం నుంచి చూశాను. మరి కుటుంబాలకి చూపించడానికేం? ఒక స్టార్ ఈ రెండింటికీ కలిపి తీసేశాను. హాస్పిటల్ నుంచి తిరిగి వచ్చినప్పుడు ఆపే తేదీ లేకుండా వచ్చే మందుల విషయంలో కూడా కొంచెం మెతక, "పెద్ద డాక్టర్ రాశారు కదా" అని రెండు రోజులు ఆగి గానీ అడగరు.

ఇన్ఫెక్షన్లే రాకుండా చేసేవి బాగానే చేస్తారు, క్లుప్తంగా చెప్తాను: పూటపూటా తిరిగి నీళ్లు తాగిస్తారు, డైపర్ ఆలస్యం చేయకుండా మారుస్తారు, రెండు పూటలా నోరు శుభ్రం చేస్తారు, ఫ్లూ, నిమోనియా టీకాలు వేయించారు, యూరిన్ పైపు ఎవరికైనా ఉంటే ఇంకా అవసరమా అని వారం వారం అడుగుతారు. నిజంగానే మళ్లీ మళ్లీ యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లకి యోనిలో రాసే ఈస్ట్రోజెన్ హార్మోన్ క్రీమ్ గురించి డాక్టర్ గారు మాట్లాడతారు, అది ఇన్ఫెక్షన్లు తగ్గిస్తుంది, మన ఇళ్లలో సిగ్గుపడి ఎవరూ అడగరు గానీ అడగాల్సిన విషయమే.

ఫోన్ చేస్తే వెంటనే మందు పడాలి అనుకునే కుటుంబాలకి ఈ హోమ్ నచ్చదు, అలా అలిగి వాళ్ల నాన్నగారిని తీసుకెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. మా ఆయన ఇప్పటికీ ఫోన్‌లో ముందు "మందు వేశారా?" అనే అడుగుతారు, కాకపోతే "ఎందుకు వేశారు?" అని కూడా అడగడం మొదలుపెట్టారు. మీరు ఏ హోమ్ చూడ్డానికి వెళ్లినా మేనేజర్‌ని వదిలేసి డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని అడగండి: "యూరిన్ వాసన వస్తే ఏం చేస్తారు?" అని. స్ట్రిప్ ముంచి చూస్తాం అంటే ఇంకో హోమ్ చూసుకోండి. ముందు మనిషిని చూస్తాం, నీళ్లు ఎక్కువ తాగిస్తాం, జ్వరం చూస్తాం అంటే రెండో ప్రశ్న అడగండి: ఆదివారం రాత్రి డ్యూటీలో ఎవరుంటారు?